డాబా మీది ఎండకు కంప్యూటరు లెక్క
నీడ ఎప్పుడు పడుతుందో, గాలి ఎప్పుడు తిరుగుతుందో చెప్పాల్సింది ఇంటివారే

అమలాపురం: నడివేసవిలో రాత్రి పది గంటలకు డాబా గదిలో మంచం మీద నిలబడి అరచెయ్యి పైకెత్తితే చాలు, శ్లాబు నుంచి దిగే సెగ చేతికి తెలిసిపోతుంది. అప్పటికి పొద్దుగుంకి మూడున్నర గంటలు దాటింది. వీధిలో కొబ్బరాకులు కదులుతున్నాయి. గదిలో ఫ్యాను మాత్రం పైనున్న వేడిగాలినే కిందికి తోస్తున్నది. ఇంట్లో పెద్దవాళ్ళు గొణుక్కుంటూ లేచి నులకమంచం వాకిట్లో వేసుకుంటారు. దోమలు తోలుకుంటూ ఏ రెండింటికో కన్ను మూస్తారు.

తాటాకింట్లో పెరిగినవారికి ఈ బాధ కొత్త. పెంకుటింట్లో మధ్యాహ్నం ఉడికినా, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చల్లబడేది. అలాగని ఆ ఇళ్ళు మళ్ళీ కావాలనేవారు కోనసీమలో ఎందరో ఉండరు. తాటాకుకు నిప్పు భయం, పెంకుకు గాలి భయం. 1996 నవంబరు 6న తీరం దాటిన తుపానులో పైకప్పులు ఎగిరిపోవడం కళ్ళారా చూసినవారు శ్లాబే మేలంటే తప్పుపట్టడానికి లేదు. గాలివానకు నిలిచిన కప్పే వేసవి రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదన్నది ఇప్పటి చిక్కు. ఇది నిద్రతో పోయే సంగతీ కాదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. పగలంతా ఎండ దెబ్బ తిన్న శరీరానికి రాత్రి కూడా తెరిపి దొరక్కపోతే ముసలివారు తట్టుకోలేరు.

ఎండ ఆ శ్లాబులోకి ఏ గంటకు ఎంత లోతు దిగిందో, ఏ గంటకు గదిలోకి వచ్చిందో కట్టి చూపే లెక్క ఒకటి ఉంది. ఇంజనీరింగు చదివే పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని ‘ఫైనైట్ ఎలిమెంట్’, ‘మెష్’ అని చెప్పుకునేది దాని గురించే. ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఒక బొమ్మ తెర మీద కనిపిస్తుంది. చూసినవారికి అదేదో సినిమా బొమ్మలా ఉంటుంది. పిల్లవాడు ఏం చేస్తున్నాడో తల్లిదండ్రులకు అంతుబట్టదు, విడమరిచి చెప్పే ఓపిక పిల్లవాడికీ ఉండదు. నిజానికి ఆ లెక్కలో సగం పని, ఊళ్ళో అందరికీ తెలిసిన విషయాలను అంకెల్లో పెట్టడమే.

బోదెల లెక్క లాంటిదే

పంటకాలువ నుంచి బోదెలోకి, బోదె నుంచి మొదటి చేలోకి, దాని గట్టు తెగి రెండో చేలోకి నీరు పారుతుంది. మొదటి చేలోకి వచ్చిన నీటిలోంచి రెండో చేలోకి పోయింది తీసేస్తే మిగిలిందే ఆ చేలో మట్టం పెంచుతుంది. ఒక చేను వదిలిన నీరు పక్క చేలో తేలి తీరాలి, మధ్యలో మాయమయ్యే వీల్లేదు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వేడిని ఇలాగే చూస్తుంది. అయిదంగుళాల శ్లాబును అంగుళం మందం చొప్పున అయిదు పొరలుగా కోశామనుకుంటారు. నిజంగా కొయ్యరు, కాగితం మీదే. పై పొర ఎండ నుంచి వేడి తీసుకుంటుంది, కొంత తనలో దాచుకుంటుంది, కొంత కింది పొరకు ఇస్తుంది. ఎవరికి ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న జమాఖర్చు ప్రతి పొరకూ రాస్తే అయిదారు సమీకరణాలు వస్తాయి. మొత్తం ఇంటికి గోడలు, కిటికీలు, దూలాలు కలిపి రాస్తే లక్షల్లో వస్తాయి. వాటన్నిటినీ కలిపి విప్పడం మనిషి వల్ల కాదు కాబట్టి కంప్యూటరు కావాలి. ఇలా ముక్కలు చేసిన గీతల అల్లికనే మెష్ అంటారు. మెష్ అంటే వల. వల కన్ను పెద్దదైతే చిన్నచేప జారిపోయినట్టు, ముక్కలు పెద్దవైతే వేడిలోని సన్నని తేడాలు లెక్కకు అందవు.

వేడి ఘనపదార్థంలో ఎలా పాకుతుందో 1822లోనే ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫూరియే గ్రంథం రాశాడు. ముక్కలుగా కోసి లెక్కించే పద్ధతి మాత్రం విమానాల రెక్కల బలం కట్టడానికి 1950ల్లో అమెరికాలో ఊపందుకుంది. దానికి ఫైనైట్ ఎలిమెంట్ అనే పేరు పెట్టింది 1960లో రే క్లఫ్. 1966కల్లా విల్సన్, నికెల్ అనే ఇద్దరు దాన్ని ఉష్ణవహనానికి అన్వయించారు. తర్వాత ఈ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు నాస్ట్రాన్, ఆన్సిస్ వంటి పేర్లతో బయటికి వచ్చాయి.

ఈ విద్యలో తెలుగువారి చెయ్యి చిన్నది కాదు. గుడివాడలో 1945లో పుట్టి, కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో డాక్టరేటు చేసిన సత్య ఎన్. అట్లూరి ఈ రంగంలో ప్రపంచమంతా ఎరిగిన పేరు. ముక్కలు కట్టే బాధే లేకుండా లెక్కించే పద్ధతిని 1998లో ఆయన తన సహచరుడితో కలిసి ప్రతిపాదించారు. 2013లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన సింగిరేసు ఎస్. రావు 1982లో, వరంగల్లులో పుట్టి ఉస్మానియాలో చదివిన జె.ఎన్. రెడ్డి 1984లో ఈ పద్ధతి మీద పాఠ్యగ్రంథాలు వెలువరించారు. రెడ్డిగారు డేవిడ్ గార్ట్‌లింగ్‌తో కలిసి వేడికి, ప్రవాహాలకు ప్రత్యేకంగా 1994లో మరో గ్రంథం రాశారు. ఓడలరేవులోనో చెయ్యేరులోనో మెకానికల్ చదివే కుర్రవాడి చేతిలో ఉండే పుస్తకం వీరిలో ఒకరిది కావడానికి అవకాశం ఎక్కువ. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఉదాహరణలన్నీ ఇంజన్లు, పైపులు, రెక్కలు. మన డాబా అందులో ఉండదు. దాన్ని మనమే పెట్టుకోవాలి.

మామ్మ చెప్పిన అంకెలు

రాజోలు దారిలో ఒక ఇల్లు అనుకుందాం. పన్నెండడుగుల చదరపు గది, పైన అయిదంగుళాల శ్లాబు, పడమట పెరట్లో రెండు కొబ్బరిచెట్లు. మనవడు ఇంజనీరింగు మూడో ఏడు. సెలవులకు వచ్చి ఈ గది శ్లాబును కంప్యూటరులో పెట్టాలనుకున్నాడు. పొడవు, వెడల్పు, మందం టేపుతో కొలిచాడు. ఇది తేలిక.

రెండోది శ్లాబు గుణం. కాంక్రీటు వేడిని ఎంత త్వరగా పోనిస్తుంది, డిగ్రీ వేడెక్కడానికి ఎంత పుచ్చుకుంటుంది, ఎంత బరువు అన్న మూడు అంకెలు కావాలి. భారత ప్రమాణాల సంస్థ 1987లో వెలువరించిన కరదీపికలో ఇవి దొరుకుతాయి. ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు ఘనమీటరు బరువు 2,288 కిలోలు, ఉష్ణవాహకత 1.58, విశిష్టోష్ణం 0.88 అని అందులో ఉంది. ఈ అంకెలు చూస్తేనే చాలా సంగతులు తెలుస్తాయి. ఆ గది మీది శ్లాబు బరువు 3,800 కిలోలకు పైనే. నాలుగు టన్నులకు కాస్త తక్కువ రాయి తల మీద పెట్టుకుని పడుకున్నట్టు. అది పది డిగ్రీలు చల్లబడాలంటే తొమ్మిది యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని ఎక్కడో వదలాలి. సగం పైకి, ఆకాశంలోకి వదిలితే సగం కిందికి, మంచం మీదికి. మంగుళూరు పెంకు సన్నం కనుక దాచుకునే చోటే దానికి లేదు. ఎండ పోగానే చల్లబడటానికి కారణం అదే.

మూడోది, అసలు పని. శ్లాబు పైన, కింద, పక్కల ఏం జరుగుతున్నదో కంప్యూటరుకు చెప్పాలి. దీన్నే సరిహద్దు నిబంధనలంటారు. చేలెక్కడ ఉన్నాయో చెప్తే చాలదు, కాలువలో నీరు ఎప్పుడు వదిలారో, మురుగు ఎటు పోతున్నదో చెప్పాలన్నట్టు. ఇక్కడ కుర్రవాడికి పుస్తకం సరిపోదు. మామ్మ దగ్గరికి రావాల్సిందే.

“మామ్మా, మన డాబా మీద ఎండ ఎన్నింటికి పోతుంది?”

“ఎండాకాలమా, వానాకాలమా? సరిగ్గా అడుగు నాన్నా.”

“మే నెలలో.”

“మూడు దాటాక పడమటి చెట్టు నీడ పిట్టగోడ మీదికొస్తుంది. నాలుగింటికి సగం డాబా నీడే. వడియాలు పెట్టేదాన్ని, నాకు తెలీదా?”

“గాలో?”

“పొద్దున్న ఉండదు. మధ్యాహ్నం పడమటిగాలి తోలితే ఆ రోజు చచ్చామన్నమాటే. సముద్రం గాలి తిరిగిందంటే ప్రాణం లేచొస్తుంది. ఏ రోజైనా తిరగడం ఆలస్యమైతే నువ్వు కూడా కిందే పడుకుంటావు, చూడు.”

ఈ మాటల్లో కంప్యూటరుకు కావాల్సిన పట్టిక మొత్తం ఉంది. మే నెల మధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం కింద చదరపు మీటరు డాబా మీద పడే ఎండ దాదాపు 900 వాట్లు. పాత కాంక్రీటు అందులో మూడింట రెండు వంతులు తాగేస్తుంది. ఇది మధ్యాహ్నం మాట. మూడు దాటాక సగం డాబాకు నీడ కాబట్టి ఆ సగానికి ఈ అంకె తీసెయ్యాలి. గాలి లేనప్పుడు శ్లాబు నుంచి గాలిలోకి పోయే వేడి చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు అయిదారు వాట్లకు మించదు. గాలి బాగా తోలితే ఇరవై దాటవచ్చు. అంటే సముద్రపు గాలి నాలుగింటికి తిరిగిందా, ఆరింటికి తిరిగిందా అన్నదాన్ని బట్టి జవాబే మారిపోతుంది. కాకినాడ, నర్సాపురం వాతావరణ కేంద్రాల అంకెలు గాలి ఎంత వేడిగా ఉందో చెబుతాయి. ఈ పెరట్లో కొబ్బరితోట గాలిని ఎంత ఆపిందో అవి చెప్పలేవు.

వేడి పోయే మూడో దారి ఉష్ణవికిరణం, అంటే ఏదీ తగలకుండా దూరం నుంచే సెగ కొట్టడం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట సెగ చాలా దూరానికి తగలడానికి కారణం ఇదే. రాత్రిపూట డాబా కూడా ఇలాగే ఆకాశంలోకి సెగ వదులుతుంది. ఆకాశం పొడిగా ఉంటే ఎక్కువ వదులుతుంది, తేమగా ఉంటే ఆ తేమే సెగను తిరిగి కిందికి పంపుతుంది. అనంతపురం డాబా తెల్లవారుజాముకు చల్లబడటం, కోనసీమ డాబా చల్లబడకపోవడం వెనక ఇది పెద్ద కారణం. పుస్తకంలో ఎక్కడిదో పొడి ఆకాశం అంకె తెచ్చి ఇక్కడ వాడితే లెక్కలో డాబా చల్లగానే ఉంటుంది. మామ్మ మాత్రం వాకిట్లోనే ఉంటుంది.

జవాబు అందంగా వచ్చినా తప్పే కావచ్చు

సాఫ్ట్‌వేరుకు వేడి తెలియదు. ఇచ్చింది లెక్క కట్టి రంగులు పూస్తుంది. తప్పు ఇచ్చినా అంతే నిబ్బరంగా కడుతుంది. కాబట్టి ఇల్లంతా పెట్టేముందు చేత్తో చేసి చూడగలిగే చిన్న లెక్క ఒకటి దానికిచ్చి పరీక్షించాలి.

శ్లాబు మందం 12.5 సెంటీమీటర్లు. పై ముఖాన్ని 60 డిగ్రీల వద్ద, కింది ముఖాన్ని 40 వద్ద అలాగే పట్టి ఉంచామనుకుందాం. నిజం ఇంట్లో ఇలా ఉండదు, ఇది పరీక్ష కోసమే. అయిదు సమాన పొరలు కాబట్టి పొరకు నాలుగు డిగ్రీల చొప్పున 60, 56, 52, 48, 44, 40 రావాలి. చదరపు మీటరు గుండా దిగే వేడి ఎంత? 1.58ని తేడా 20తో హెచ్చించి, మందం 0.125 మీటర్లతో భాగిస్తే దాదాపు 253 వాట్లు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది.

కంప్యూటరు 56, 52, 48 అని చూపగానే చాలామంది సంతోషించి ముందుకు పోతారు. అక్కడే మోసపోయేది. బొమ్మను మిల్లీమీటర్లలో గీసి, ఉష్ణవాహకతను మీటర్ల లెక్కన ఇచ్చినా డిగ్రీలు ఇలాగే సరిగ్గా వస్తాయి. వేడి మొత్తం మాత్రం వేయి రెట్లు తప్పుతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో పలు వాటికి కొలమానం ఏమిటో తెలియదు. 125 అంటే 125, అంతే. గజాలో, మూరలో అడగదు. అందుకే డిగ్రీలతోపాటు ఆ 253 కూడా సరిపోయిందా అని చూడాలి.

ఇంకో తప్పు మరీ చిత్రమైనది. శ్లాబు కింది ముఖానికి ఏ నిబంధనా ఇవ్వడం మరిచిపోయారనుకోండి. సాఫ్ట్‌వేరు తప్పని చెప్పదు, ఆగదు. ఏమీ చెప్పని చోట తలుపు మూసి ఉందనుకుంటుంది, అటునుంచి వేడి చుక్క కూడా పోదని లెక్క కడుతుంది. కింద గది, గాలి, ఫ్యాను, మనిషి ఎవరూ లేనట్టే. శ్లాబు మామూలుకంటే ఎక్కువ కాలుతుంది, గదిలోకి వచ్చిన వేడి మాత్రం సున్నా అని చూపుతుంది. ఆ సున్నా చూసి ఇల్లు చల్లగా ఉందనుకునేవారూ ఉన్నారు.

వికిరణం లెక్కకు డిగ్రీలను 273 కలిపి ఇవ్వాలి. సెల్సియస్‌లో ఉన్నట్టే ఇచ్చేసి, ఆ సంగతి సాఫ్ట్‌వేరుకు చెప్పకపోతే రాత్రి ఆకాశంలోకి పోవాల్సిన సెగ దాదాపు పోనే పోదు. ఇది చదువుకున్నవాళ్ళే చేసే తప్పు.

కాలాన్ని కొయ్యడం కూడా ఉంది. పొలాన్ని చేలుగా కోసినట్టే రోజును పది నిమిషాల ముక్కలుగా కోసి, ముక్క ముక్కకూ జమాఖర్చు చూస్తుంది కంప్యూటరు. అంగుళం పొరను వేడి దాటడానికి పదమూడు నిమిషాల వరకు పడుతుంది కాబట్టి పది నిమిషాల ముక్క సబబే. రెండేసి గంటలు చేస్తే నీడ వచ్చిన వేళ, గాలి తిరిగిన వేళ కలిసిపోతాయి. పోనీ అని పొరలు మందంగానే ఉంచి కాలాన్ని మరీ సెకన్లుగా కోస్తే మరో వింత కనిపిస్తుంది. పైన ఎండ తగలగానే లోపలి పొర చల్లబడినట్టు చూపుతుంది. లోకంలో ఎక్కడా జరగని పని అది. అలా కనిపించిందంటే ముక్కల పొందిక కుదరలేదన్నమాట.

మొదలు పెట్టేది ఏ వేడితో అన్నది చివరి చిక్కు. ఉదయం శ్లాబంతా 30 డిగ్రీలు అనుకుని ఒక్కరోజు నడిపి ఆపేస్తే, నిన్నటి ఎండలో మిగిలిన వేడిని మింగేసినట్టే. ఇంటికి అలాంటి మరుపు లేదు. అదే ఎండ, అదే గాలితో నాలుగు రోజులు వరసగా నడపాలి. ఈ రోజు రాత్రి అంకెలు నిన్నటి రాత్రి అంకెలతో కలిసినప్పుడే జవాబును నమ్మాలి. వడగాడ్పు మూడో రోజు మొదటి రోజుకంటే ఎందుకు చంపుతుందో కూడా ఈ లెక్కలో కొంత కనిపిస్తుంది.

ఇవన్నీ సరిచూశాక వచ్చే జవాబు అనుభవానికి దగ్గరగానే ఉంటుంది. అయిదంగుళాల కాంక్రీటులో ఎండ వేడి పైనుంచి కిందికి దిగడానికి దాదాపు మూడు గంటలు. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటల కాక గదిలోకి సాయంత్రం నాలుగు, అయిదుకు చేరుతుంది. ఆ తర్వాత శ్లాబులో దాగింది అర్ధరాత్రి దాకా దిగుతూనే ఉంటుంది. ఒంటిగంటకు గదిలో కూర్చుని “శ్లాబిల్లు చల్లగానే ఉందే” అన్న చుట్టం రాత్రి ఉండడు కదా.

సున్నం, పందిరి, బిందెడు నీళ్ళు

లెక్క ఒకసారి కుదిరాక అసలు లాభం మొదలవుతుంది. డబ్బు ఖర్చు పెట్టకముందే ఏది పనిచేస్తుందో మార్చి చూసుకోవచ్చు.

డాబా మీద సున్నం కొట్టి తెల్లగా ఉంచితే మూడింట రెండు వంతులు తాగే ఎండ మూడో వంతుకు లోపే తాగుతుంది. అంటే లోపలికి వచ్చే పెట్టుబడే సగానికి పైగా తగ్గిపోయింది. ఇంత చవకైన మందు మరొకటి లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. కోనసీమలో ఒక ఇబ్బంది ఉంది. వానలు మొదలైతే డాబా పాకుడు పట్టి నల్లబడుతుంది. లెక్కలో తెలుపు ఎప్పటికీ తెలుపే, డాబా మీద కాదు. వేసవి ముందు ఏటా కొట్టుకోవాల్సిందే.

కొబ్బరాకుల పందిరి ఎండను డాబాకు తగలనివ్వదు, కింది నుంచి గాలి ఆడుతుంది. పగటికి దీన్ని మించింది లేదు. రాత్రి ఆకాశంలోకి పోవాల్సిన సెగను మాత్రం ఇది కొంత అడ్డుతుంది. అయినా మొత్తం మీద లాభమే. గాలివానకు ముందు విప్పుకోవాలన్నది కంప్యూటరు చెప్పదు.

సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. ఇది నిజంగా పనిచేస్తుందా? లీటరు నీరు ఆవిరి కావడానికి పుచ్చుకునే వేడి చదరపు మీటరు శ్లాబును దాదాపు తొమ్మిది డిగ్రీలు చల్లబరచగలిగినంత. మన గదికి పదమూడు, పద్నాలుగు లీటర్లు, సుమారు ఒక బిందె. అయితే ఆ నీరు డాబా మీదే ఆవిరి కావాలి, తూములోంచి కారిపోయింది లెక్కకు రాదు. ఆవిరి కూడా శ్లాబు వేడితోనే కావాలి, గాలి వేడితో అయిన భాగం తీసెయ్యాలి. ఉక్కపోత రోజున ఆవిరి కావడమే కష్టం. అందుకని బిందె నీళ్ళు ఒక్కసారి కుమ్మరించడంకంటే చెంబుతో కొంచెం కొంచెం, ఆరినకొద్దీ చల్లడం మేలు. మామ్మలు చేసేది అదే. ఆవిరిని లెక్కలో పెట్టడం సాఫ్ట్‌వేరులో కొంచెం తంటా, పుస్తకం ఉదాహరణల్లో అది ఉండదు కాబట్టి పిల్లలు దాన్ని వదిలేస్తుంటారు. వదిలేస్తే ఇక్కడి ఇళ్ళలో నిజంగా జరిగే పనే లెక్కలో లేకుండా పోతుంది.

ఒక్క సంగతి. శ్లాబు ఎన్ని డిగ్రీలో చెప్పడం వేరు, మనిషికి ఎలా ఉంటుందో చెప్పడం వేరు. కోనసీమ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. ఇక్కడి 36 డిగ్రీలు రాయలసీమ 40తో సమానంగా బాధిస్తాయి అనేవారిని కొట్టిపారెయ్యలేము. తెర మీది రంగుల బొమ్మలో చెమట ఉండదు.

ఈ లెక్కలకు లక్షలు పోసి సాఫ్ట్‌వేరు కొనాలన్న భయం అక్కరలేదు. ఫిన్లండు దేశంలో తయారైన ఎల్మర్, జర్మనీ ఇంజనీర్లు రాసిన కాల్కులిక్స్, ఫ్రాన్సు విద్యుత్ సంస్థ 2001 నుంచి అందరికీ వదిలిన కోడ్ ఆస్టర్ ఉచితంగా దొరుకుతాయి. ఒక గది శ్లాబుకు మామూలు కంప్యూటరు చాలు. ఒక్క శ్లాబు మందాన్ని మాత్రమే చూసుకునేవారికి అది కూడా అక్కరలేదు. పైన చెప్పిన అయిదు పొరల జమాఖర్చు పుస్తకంలో గళ్ళు గీసుకుని ఓపిగ్గా చేసుకోవచ్చు. ఓపిక అంటే కొంచెం కాదు. పది నిమిషాలకోసారి, నాలుగు రోజులకు, అయిదు పొరలకు అంటే 2,880 అంకెలు.

రాజోలు దారి ఇంటి మనవడి దగ్గరికి తిరిగి వద్దాం. లెక్క వచ్చింది. రాత్రి పదింటికి శ్లాబు కింది ముఖం 37 డిగ్రీలు అని చూపిందనుకుందాం. దాన్ని అలాగే నమ్మి ప్రాజెక్టు పుస్తకంలో రాసుకోవచ్చు. లేదా సంతలో దొరికే థర్మామీటరు ఒకటి తెచ్చి, గుండుసూది పడేంత సందు లేకుండా శ్లాబుకు ఆనించి పట్టి ఉంచి చూడవచ్చు. 40 చూపితే తప్పు ఎక్కడో ఉంది. అక్కడ ఆకాశం తేమ తక్కువ పెట్టి ఉండొచ్చు, గాలి ఎక్కువ పెట్టి ఉండొచ్చు. లేదా పడమటి చెట్టు నీడను మూడింటికే మొత్తం డాబా మీద పరిచేసి ఉండొచ్చు. మామ్మ సగం అన్నది.

ఆ చెట్టు సంగతి తేలడం ఈ ఇంటికి ముఖ్యం. పడమటి పెరట్లో మరో గది వెయ్యాలని ఇంట్లో మాట నడుస్తున్నది. గది వెయ్యాలంటే రెండు కొబ్బరిచెట్లూ పోవాలి. చెట్లు ఉంటే రాత్రి పదింటికి పాత గదిలో ఎన్ని డిగ్రీలు, కొట్టేస్తే ఎన్ని అన్నది పక్కపక్కన పెట్టి చూపగలిగితే ఇంటి పెద్దలు ఆలోచించుకుంటారు. అందుకు నీడ గంట గంటకూ డాబా మీద ఎక్కడి దాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీసుకోవాలి. చెట్లు నిలబడి ఉండగానే, మే నెల ఎండ కాస్తున్న రోజునే అది కుదురుతుంది.